ప్రథమ చికిత్సను ప్రజల చేతికిచ్చిన ఎస్మార్క్

వైద్యశాస్త్ర చరిత్రలో చిరస్మరణీయులు పలువురున్నారు. వ్యాధులకు మూలమైన సూక్ష్మజీవులను కనుగొన్నవారు కొందరు. మందులను, టీకాలను కనిపెట్టి కోట్లాది ప్రజలను మృత్యుముఖం నుండి తప్పించినవారు మరి కొందరు. వీరి పేర్లు మనం పాఠ్యగ్రంథాలలో చదువుకొంటూనే ఉన్నాం. వీరుగాక ఇంకొక కోవకు చెందినవారు ఉన్నారు. వైద్యుని చేతిలో మాత్రమే పనిచేసే ఒక సాధనాన్ని తీసుకొని, దారిన పోయే సామాన్యుడు సైతం దానిని ఉపయోగించగలిగేటట్లు తిరిగి తీర్చిదిద్దినవారు వీరు. వీరి కృషి పైకి స్వల్పంగా కనిపిస్తుంది. కాని, ప్రమాదం జరిగిన మొదటి కొద్ది నిమిషాలలో, వైద్యుడు ఇంకా మైళ్ళ దూరంలో ఉన్నప్పుడు, ప్రాణం నిలవడమో పోవడమో వీరి కృషి మీదనే ఆధారపడి ఉంటుంది.

స్కౌట్లలోనో ఎన్.సి.సి.లోనో శిక్షణ పొందిన విద్యార్థులకు త్రికోణపు గుడ్డకట్టు సుపరిచితమే. విరిగిన చేతిని మెడకు వ్రేలాడదీయడానికి, తల మీది గాయాన్ని కప్పడానికి, బెణికిన చీలమండను బిగించి కట్టడానికి ఆ ఒక్క గుడ్డే ఉపయోగపడుతుంది. ఆ గుడ్డను మడవడం నేర్చుకొనేటప్పుడు, దాని వెనుక ఒక మహావైద్యుని జీవితకాలపు పరిశ్రమ ఉన్నదని మనలో చాలామందికి తోచదు. ఆ వైద్యుడే జర్మనీ దేశపు శస్త్రచికిత్సకుడు ఫ్రెడరిక్ ఫాన్ ఎస్మార్క్. పందొమ్మిదవ శతాబ్దంలో యూరప్ అంతటా మారుమ్రోగిన పేరు అది. నేడు ఆ పేరు శస్త్రచికిత్స గదులలో ఒక రబ్బరు పట్టీకి మాత్రమే మిగిలింది. ఆయన జీవితాన్ని స్థూలంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

జననం – విద్యాభ్యాసం

ఎస్మార్క్ 1823 జనవరి 9వ తేదీన, ఐడర్ నది ఉత్తర సముద్రంలో కలిసేచోట ఉన్న టోనింగ్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆయన తండ్రి కూడా వైద్యుడే. ఆ పట్టణం ష్లెస్విగ్ ప్రాంతంలోనిది. ష్లెస్విగ్, హోల్‌స్టైన్ అనే ఆ రెండు సంస్థానాలు అప్పట్లో డెన్మార్క్ రాజు ఏలుబడిలో ఉండేవి. అక్కడి ప్రజలలో జర్మన్ భాష మాట్లాడేవారు అధికసంఖ్యాకులు. ఈ కారణంగా ఆ గడ్డ మీద రాజకీయమైన అలజడి లోలోపల రగులుతూ ఉండేది. ఎస్మార్క్ జీవితాన్ని మలచిన యుద్ధాలకు ఈ అలజడే మూలం.

ఆయన కీల్, గటింగన్ విశ్వవిద్యాలయాలలో వైద్యవిద్య నభ్యసించాడు. 1846లో కీల్ శస్త్రచికిత్సాలయంలో సుప్రసిద్ధుడైన లాంగెన్‌బెక్ వద్ద సహాయకునిగా చేరాడు. ఆ సంవత్సరమే అమెరికాలోని బోస్టన్ నగరంలో ఈథర్ మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయడం లోకానికి వెల్లడి అయింది. అంతవరకు రోగి స్పృహలో ఉండగానే కోత కోయవలసి వచ్చేది కాబట్టి, చేతివేగమే శస్త్రవైద్యుని ప్రతిభకు కొలబద్దగా ఉండేది. మత్తు వచ్చిన తరువాత వైద్యునికి నిదానించి ఆలోచించే వ్యవధి దొరికింది. ఎస్మార్క్ వృత్తిలోకి అడుగుపెట్టిన కాలం అటువంటిది.

యుద్ధభూమి నేర్పిన పాఠం

1848లో డెన్మార్క్ ప్రభుత్వంపై ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రజలు తిరుగుబాటు చేశారు. పాతికేళ్ళ ఎస్మార్క్ ఆ సేనలో చేరాడు. ఆ సంవత్సరం ఏప్రిల్ 9న బౌ గ్రామం వద్ద జరిగిన పోరులో తిరుగుబాటుదారులు ఓడిపోయారు. ఎస్మార్క్ డేనిష్ సైనికులకు బందీగా చిక్కాడు. ఖైదీల మార్పిడిలో విడుదలై వచ్చి మళ్ళీ గాయపడినవారి సేవలో ప్రవేశించాడు. ఆ సేనకు ప్రధాన శస్త్రవైద్యుడైన స్ట్రోమేయర్ ఆయనకు గురువు అయ్యాడు.

ఆ రోజుల్లో తుపాకిగుండు తగిలి కీలు చిద్రుపలైతే అవయవాన్ని తొలగించడమే పరిపాటి. స్ట్రోమేయర్, ఆయన శిష్యులు అలా కాక, చెడిన ఎముక భాగాన్ని మాత్రమే కోసివేసి చేతిని నిలబెట్టే పద్ధతిని అవలంబించారు. ఆ అనుభవాలను క్రోడీకరించి ఎస్మార్క్ 1851లో ఒక గ్రంథం వెలువరించాడు. ఆయన పేరు తొలుత బయటి దేశాలకు తెలిసింది ఆ గ్రంథం ద్వారానే. 1854లో ఆయన కీల్ శస్త్రచికిత్సాలయానికి అధిపతి అయ్యాడు. గురువుగారి కుమార్తెనే వివాహమాడాడు. 1857లో ఆచార్యపదవి లభించింది.

ముప్పై నాలుగేళ్ళకే ఇంతటి స్థానం లభించిన వైద్యుడు ఆసుపత్రి గోడల మధ్య సుఖంగా కాలం గడపవచ్చు. కాని ఎస్మార్క్ మనస్సు యుద్ధభూమిలో చూచిన దృశ్యాన్ని విడువలేదు. తొడలోని పెద్ద ధమని తెగితే మనిషి కొద్ది నిమిషాలలో నెత్తురోడి మరణిస్తాడు. విరిగిన ఎముకను ఆనుదల లేకుండా బండిలో వేసి తీసుకొనిపోతే, దాని మొన కండను, నరాలను, రక్తనాళాలను చీల్చివేస్తుంది. అంటే క్షతగాత్రుని భవితవ్యం శస్త్రవైద్యుని బల్ల మీద కంటె ముందుగానే చాలావరకు నిర్ణయమైపోతున్నది. ఆ ముందుగడియలో అతని పక్కన ఉండేది మరొక సిపాయి లేదా డోలీ మోసే కూలివాడు. వైద్యుని విద్యలో ఆవగింజంతయినా ఆ పక్కవాని చేతికి అందితే తప్ప ఈ మరణాలు ఆగవు. ఎస్మార్క్ తన ఆసుపత్రి అనుభవాన్నంతటినీ ఈ సమస్య పరిష్కారానికి వినియోగించాడు.

కాలం కూడా ఈ ఆలోచనకు అనుకూలంగానే ఉంది. 1859లో ఇటలీలోని సోల్ఫరీనో రణరంగంలో దిక్కులేక పడిఉన్న వేలాది క్షతగాత్రులను చూచి చలించిన హెన్రీ డునాంట్, సమీప గ్రామాల ప్రజలను కూడగట్టి సేవ చేశాడు. ఆ కృషి ఫలితంగా 1863లో రెడ్‌క్రాస్ ఉద్యమం ఆరంభమైంది. 1864లో డెన్మార్క్‌తో రెండవసారి యుద్ధం వచ్చినప్పుడు ఎస్మార్క్ ఫ్లెన్స్‌బర్గ్, కీల్ మొదలైన చోట్ల సైనిక చికిత్సాలయాలలో పనిచేశాడు. 1866 యుద్ధంలో ప్రష్యా ప్రభుత్వం ఆయనను బెర్లిన్‌కు పిలిపించి, అక్కడి ఆసుపత్రులలో శస్త్రచికిత్సల పర్యవేక్షణను అప్పగించింది. మూడు యుద్ధాలూ ఆయనకు ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పాయి.

బొమ్మలు ముద్రించిన గుడ్డ

ఆ కాలంలో గాయానికి కట్టు కట్టడానికి వాడుకలో ఉన్నది చుట్టగా చుట్టిన పొడవాటి పట్టీ. దానిని సక్రమంగా కట్టడం ఒక కళ. పిక్క వంటి చోట అవయవం ఒక వైపు సన్నగాను, మరొక వైపు లావుగాను ఉంటుంది. కాబట్టి ప్రతి చుట్టు దగ్గర పట్టీని మడిచి త్రిప్పాలి. అలా చేయకపోతే కట్టు వదులై జారిపోతుంది. మరీ బిగిస్తే రక్తప్రసారం ఆగిపోతుంది. వేలికి ఒక వెడల్పు, తొడకు ఒక వెడల్పు పట్టీ కావాలి. చేయి జారి క్రింద పడితే చుట్ట విడిపోయి బురద పాలవుతుంది. ఆసుపత్రిలో ఏండ్ల తరబడి పనిచేసిన పరిచారకునికి ఇది సులభమే. గుండ్ల వర్షం నడుమ, చేతులు వణుకుతున్న సిపాయికి మాత్రం ఇది అసాధ్యం.

ఈ పట్టీకి బదులు నాలుగు మూలల గుడ్డను గాని త్రికోణపు గుడ్డను గాని వాడవచ్చునని స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగర వైద్యుడు మాయోర్ 1830 ప్రాంతాలలోనే సూచించి ఉన్నాడు. ఆ సూచన పెద్దగా వాడుకలోకి రాలేదు. ఎస్మార్క్ దానిని చేపట్టి యుద్ధభూమికి తగినట్లు సంస్కరించాడు. సుమారు మీటరు పొడవు, మీటరు వెడల్పు గల నూలుగుడ్డను మూలకు మూలగా కత్తిరిస్తే రెండు త్రికోణపు కట్లు వస్తాయి. విప్పి వాడితే ఆ గుడ్డ చేతికి ఊయల అవుతుంది, తలకు టోపీ అవుతుంది. మడిచి వాడితే వెడల్పు పట్టీ. ఇంకా మడిస్తే సన్నని పట్టీ. ముడివేసి, ముడిలో ఒక పుల్లను దూర్చి మెలిత్రిప్పితే రక్తస్రావాన్ని ఆపే బిగింపు కట్టు. దీనికి చుట్టలు లేవు, మెలికలు లేవు. ఏ ఇంట్లోనైనా దొరికే గుడ్డతో అప్పటికప్పుడు సిద్ధం చేసుకోవచ్చు.

ఎస్మార్క్ చేసిన అసలైన నూతన కల్పన వేరొకటి ఉంది. ఆ గుడ్డ మీదనే ఆయన బొమ్మలు ముద్రింపించాడు. ఒక సిపాయికి తలకట్టు, మరొకనికి భుజం కట్టు, ఇంకొకనికి కాలికట్టు – ఇలా ఏ గాయానికి ఏ విధంగా కట్టాలో చూపే మనుష్యరూపాలు గుడ్డ నిండా అచ్చయి ఉండేవి. పుస్తకం చదివి నేర్చుకొనే వ్యవధి గాయపడినవానికి ఉండదు. నేర్చుకొన్నది జ్ఞాపకం పెట్టుకొనే స్థిమితం పక్కవానికి ఉండదు. అందుచేత సాధనమే గురువై బోధించాలి. బొమ్మకు అక్షరజ్ఞానం అక్కరలేదు. భాషాభేదం కూడా లేదు. అత్యవసర సమయంలో వాడే వస్తువు తనను ఎలా వాడాలో తానే చెప్పాలనే సూత్రం ఆధునిక కాలంలో మనకు సర్వసాధారణంగా తోచవచ్చు. ఆ రోజుల్లో ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు గుడ్డ మీద బొమ్మలు వేయించడం సామాన్యమైన విషయం కాదు.

1869లో ఆయన యుద్ధభూమిలో కట్టవలసిన మొదటి కట్టును గురించి ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. ప్రతి సిపాయీ తన జేబులో కట్టుసామగ్రి గల చిన్న పొట్లాన్ని ఉంచుకోవాలని సూచించాడు. మరుసటి సంవత్సరమే ఫ్రాన్స్‌కు, జర్మన్ రాజ్యాలకు మధ్య మహాయుద్ధం ప్రారంభమైంది. బొమ్మల త్రికోణపు కట్టు ఆ యుద్ధంలో జర్మన్ సేనలో విరివిగా వాడుకలోకి వచ్చింది. ఎస్మార్క్ సైన్యానికి ప్రధాన శస్త్రవైద్యునిగా, సలహాదారుగా నియమితుడై, బెర్లిన్ సమీపంలోని పెద్ద సైనిక చికిత్సాలయంలో సేవ చేశాడు.

మరమేకు పోయి రబ్బరు వచ్చింది

రక్తస్రావాన్ని ఆపే టోర్నికెట్ అనే సాధనానికి అంతకుముందే రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. గుడ్డ కట్టి, పుల్లతో మెలిత్రిప్పే పద్ధతి 1674 నాటికే ఉంది. 1718లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు పెటీ దీనికి మరమేకును చేర్చాడు. అవయవం చుట్టూ ఒక పటకా బిగిస్తారు. దానికి ఉన్న మెత్తను సరిగ్గా పెద్ద ధమని మీద నిలిపి, పైనున్న మరమేకును త్రిప్పితే మెత్త ధమనిని నొక్కిపెడుతుంది. శస్త్రవైద్యునికి అది ఎంతో అనుకూలమైన పరికరం. ఒక చేతితో బిగించవచ్చు, ఒక చేతితో సడలించవచ్చు.

సామాన్యుని చేతిలో మాత్రం ఆ పరికరం కొరగానిదయ్యేది. ధమని ఎక్కడ ఉన్నదో తెలియాలంటే శరీరనిర్మాణశాస్త్రం చదివి ఉండాలి. మెత్త రెండు వ్రేళ్ళు పక్కకు జరిగితే ఫలితం లేదు. క్షతగాత్రుని మోసుకొని పోతుండగా ఆ కుదుపులకు జరగనూవచ్చు. పైగా బిగింపు చాలకపోతే మరొక ఉపద్రవం ఉంది. పైకి ఉన్న సిరలు మాత్రం మూసుకొనిపోతాయి. లోతున ఉన్న ధమని తెరుచుకొనే ఉంటుంది. అప్పుడు గుండె పంపిన రక్తం తిరిగి పోయే దారిలేక గాయం గుండా మరింత ఉధృతంగా కారిపోతుంది. అంటే ఆ సాధనాన్ని సగం తెలిసి వాడడం, అసలు వాడకపోవడం కంటె ప్రమాదకరం.

ఎస్మార్క్ ఈ చిక్కును రబ్బరుతో విడదీశాడు. గంధకంతో కాచి గట్టిపరచిన రబ్బరు ఆ శతాబ్దం మధ్యకాలంలో వాడుకలోకి వచ్చింది. దానిని సాగదీసి అవయవం చుట్టూ పలుమార్లు చుడితే, ఒక్కొక్క చుట్టు బిగింపు దాని క్రింది చుట్టు బిగింపుకు తోడవుతుంది. ఒత్తిడి ఒక బిందువు మీద గాక చుట్టుకొలత అంతటా పడుతుంది. ధమని ఏ పక్కన ఉన్నా అది మూసుకొనిపోక తప్పదు. కాబట్టి దాని ఉనికి తెలియవలసిన అవసరమే లేదు. రబ్బరు సాగే గుణం కలది కావడం చేత, కండ కొంచెం ముడుచుకొన్నా కట్టు వదులు కాదు. మరమేకు లేదు, మెత్త లేదు, విరిగిపోయే భాగం ఏదీ లేదు. వైద్యునికి తెలియవలసిన శాస్త్రంలో ఒక భాగాన్ని ఆ వస్తువే తనలో ఇముడ్చుకొన్నది.

ఈ రబ్బరు పట్టీయే ఆయనకు శస్త్రచికిత్సా రంగంలో శాశ్వత కీర్తిని తెచ్చిపెట్టింది. 1873లో ఆయన తన పద్ధతిని వెల్లడించాడు. వ్రేళ్ళ చివర నుండి పైదాకా రబ్బరు పట్టీని బిగువుగా చుట్టుకొంటూ పోతే అవయవంలోని రక్తమంతా పైకి పోతుంది. అప్పుడు పైభాగంలో రబ్బరు గొట్టంతో బిగించి, పట్టీని విప్పివేస్తే అవయవం మైనపు బొమ్మలా తెల్లబడి ఉంటుంది. ఆ స్థితిలో కోత కోస్తే రక్తం చిందదు. ఏది నరమో, ఏది కండరమో వైద్యునికి స్పష్టంగా కనిపిస్తుంది. రోగి రక్తం వృథా కాదు. రక్తం ఎక్కించే విధానం ఇంకా రూపుదిద్దుకోని ఆ రోజుల్లో ఇది ఎంతటి మేలో ఊహించుకోవచ్చు. అచిరకాలంలోనే దేశదేశాల వైద్యులు ఈ పద్ధతిని స్వీకరించారు.

తక్కినవారు ఈ పట్టీని శస్త్రచికిత్స గదిలో ఉంచుకొంటే, ఎస్మార్క్ దానిని వీధిలోకి తీసుకొనిపోయే మార్గం ఆలోచించాడు. ప్రమాదం జరిగిన చోట రబ్బరు పట్టీ ఎవరి దగ్గర ఉంటుంది? ఈ ప్రశ్నకు ఆయన చూపిన పరిష్కారం చిత్రమైనది. ఆ కాలపు పురుషులు ప్యాంటు జారకుండా భుజాల మీదుగా పట్టీలు ధరించేవారు. ఆ భుజపట్టీలనే సాగే పదార్థంతో తయారుచేయించి, అవసరమైనప్పుడు తీసి టోర్నికెట్‌గా వాడుకొనేటట్లు రూపొందించాడు. ప్రాణరక్షణ సాధనం పెట్టెలో భద్రంగా ఉండడం కంటె, మనిషి ఒంటి మీద నిత్యం ఉండడమే మేలని ఆయన గ్రహించాడు.

ఇవిగాక, మత్తు ఇవ్వడానికి తీగెతో చేసిన సులభమైన ముసుగును ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. జర్మన్ సామ్రాజ్ఞి అగస్టా ప్రకటించిన బహుమానానికి పోటీపడి, యుద్ధశస్త్రచికిత్సపై ఆయన రచించిన గ్రంథం ఆ బహుమానాన్ని గెలుచుకొన్నది. ఆ గ్రంథంలో కూడా ఆయన మాటల కంటె బొమ్మలకే ప్రాధాన్యం ఇచ్చాడు.

సమారిటన్ పాఠశాలలు

1881లో లండన్ నగరంలో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగింది. దానికి హాజరైన ఎస్మార్క్ అక్కడ సెయింట్ జాన్ అంబులెన్స్ సంఘం వారి తరగతులను చూచాడు. 1877లో ఏర్పడిన ఆ సంఘం పోలీసులకు, కార్మికులకు, గృహిణులకు ప్రథమ చికిత్స నేర్పుతున్నది. ఆ తరగతులలో విద్యార్థుల చేతుల్లో ఉన్నది ఎస్మార్క్ ప్రచారంలోకి తెచ్చిన త్రికోణపు కట్టే. తాను సిపాయిల కోసం రూపొందించిన వస్తువును సామాన్య ప్రజలు వాడుతుండడం ఆయనకు కొత్త మార్గాన్ని చూపించింది. యుద్ధాలు ఎప్పుడో వస్తాయి. కర్మాగారాలలో, రైలుమార్గాల మీద, ఓడరేవులలో ప్రమాదాలు నిత్యం జరుగుతూనే ఉంటాయి.

స్వదేశానికి తిరిగి వచ్చి 1882లో కీల్ నగరంలో ఆయన జర్మన్ సమారిటన్ సంఘాన్ని స్థాపించాడు. దారిలో గాయపడి పడిఉన్న అపరిచితుని తన జాతివాడు కాకపోయినా ఆదరించిన సమారియా వాసి కథ బైబిలులో ఉంది. ఆ కథను బట్టి ఈ పేరు పెట్టాడు. అయిదు ఉపన్యాసాలలో ముగిసే పాఠ్యక్రమాన్ని తానే సిద్ధం చేశాడు. శరీర నిర్మాణం, గాయాలు, రక్తస్రావం, ఎముకలు విరగడం, కాలిన గాయాలు, నీటమునిగినవారికి ఊపిరి అందించడం, గాయపడినవారిని మోసుకొనిపోయే పద్ధతులు – ఇవి అందులోని విషయాలు. సుప్రసిద్ధ ఆచార్యుడు కానిస్టేబుళ్ళను, నావికులను ఎదుట కూర్చోబెట్టుకొని గుడ్డ మడవడం నేర్పించడం ఆ కాలానికి వింత అయిన దృశ్యమే.

1872లో ఆయన ద్వితీయ వివాహంగా ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాజవంశానికి చెందిన హెన్రియెట్టె రాకుమారిని పెండ్లాడి ఉన్నాడు. ఆమె సోదరుని భార్య, విక్టోరియా రాణి కుమార్తె అయిన హెలీనా రాకుమారి. ఆ అయిదు ఉపన్యాసాలను జర్మన్ నుండి ఇంగ్లీషులోకి అనువదించినది ఈ హెలీనాయే. అనంతరం ఆ పుస్తకం పెక్కు భాషలలోకి వెళ్ళింది. రాజబంధుత్వం వలన కలిగిన పలుకుబడిని ఎస్మార్క్ తన సంఘ వ్యాప్తికే వినియోగించాడు.

ఆయన మార్గం నిష్కంటకమేమీ కాదు. పలువురు వైద్యులు ఈ పాఠశాలలను నిరసించారు. అయిదు ఉపన్యాసాలు విన్నవాడు తానే వైద్యుణ్ణని విర్రవీగుతాడని, నాటువైద్యం ప్రబలుతుందని, రోగులకు కీడు కలుగుతుందని వారి వాదన. ఈ వాదనలో సత్యం లేకపోలేదు. ఎస్మార్క్ దానిని కొట్టివేయలేదు. సమారిటన్ పని వైద్యుడు వచ్చేంతవరకే అని ఆయన గీత గీశాడు. ఏమి చేయాలో ఎంత శ్రద్ధగా నేర్పాడో, ఏమి చేయరాదో అంత శ్రద్ధగా నేర్పాడు. కీడు చేయకుండడమే మొదటి ధర్మమన్నాడు. మురికి వ్రేళ్ళతో గాయాన్ని తాకరాదని హెచ్చరించాడు. లిస్టర్ 1867లో వెల్లడించిన క్రిమినాశక పద్ధతి వైద్యులకే పూర్తిగా అలవడని కాలంలో ఈ హెచ్చరిక సామాన్యులకు అందడం విశేషం. ప్రమాదం జరిగిన చోట నేర్చినవాడు లేకపోతే నేరనివాడే చేయి వేస్తాడనేది ఆయన వాదంలోని సారం. ఆ చేయికి కొంత జ్ఞానం ఇవ్వడమా, అజ్ఞానంతోనే వదిలివేయడమా అన్నదే అసలు సమస్య.

చివరి దినాలు

1887లో ప్రభుత్వం ఆయనకు కులీన హోదా ఇచ్చి గౌరవించింది. ఆయన పేరులో ఫాన్ అనే బిరుదు చేరింది అప్పుడే. కుమారుడు ఎర్విన్ ఫాన్ ఎస్మార్క్ సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడై రాబర్ట్ కోక్ వద్ద పనిచేశాడు. ఆయన వద్ద సహాయకునిగా ఉన్న ఆగస్ట్ బియర్ 1898లో కీల్‌లోనే వెన్నుపూసలో మత్తుమందు ఎక్కించే విధానాన్ని ప్రారంభించాడు. ఆ బియరే 1908లో చేతికి గాని కాలికి గాని మాత్రమే మత్తు ఇచ్చే మరొక పద్ధతిని ప్రకటించాడు. దానికి కావలసిన మొదటి పరికరం గురువుగారి రబ్బరు పట్టీ.

అదే సంవత్సరం ఫిబ్రవరి నెలలో, ఎనభై అయిదేళ్ళ వయస్సులో, ఎస్మార్క్ కీల్ నగరంలో కన్నుమూశాడు. అర్ధశతాబ్దికి పైగా ఆయన ఆ నగరాన్నే తన కార్యక్షేత్రంగా ఉంచుకొన్నాడు.

తరువాతి చరిత్ర

ఎస్మార్క్ విమర్శకుల భయం కొంతవరకు నిజమైన సందర్భమూ ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో టోర్నికెట్‌ను అవసరం లేనిచోట కూడా కట్టి, గంటల తరబడి విప్పకుండా వదిలివేయడం వలన ఎందరో చేతులు, కాళ్ళు పోగొట్టుకొన్నారు. రక్తం అందని కండ కుళ్ళిపోతుంది, నరాలు చచ్చుబడతాయి. దీనితో ఆ సాధనానికి చెడ్డపేరు వచ్చింది. చాలాకాలం ప్రథమ చికిత్స పుస్తకాలు దానిని కడపటి ఉపాయంగా మాత్రమే పేర్కొన్నాయి. సులభమైన సాధనానికి సులభమైన నియమం తోడుగా ఉండాలని ఈ అనుభవం నేర్పింది. గాయాన్ని నేరుగా అదిమిపట్టినా చేతి, కాలి రక్తస్రావం ఆగనప్పుడే టోర్నికెట్ కట్టాలి. కట్టిన వేళను వ్రాసి ఉంచాలి. దానిని గుడ్డతో కప్పివేయరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

ఈ నియమాలతో టోర్నికెట్ మళ్ళీ లోకాదరణ పొందింది. ఇరవై ఒకటవ శతాబ్దపు ఆరంభంలో ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్ యుద్ధాలలో సిపాయి ఒంటిచేతితో తనకు తానే బిగించుకోగల కొత్త టోర్నికెట్లు వాడుకలోకి వచ్చాయి. 2015లో అమెరికాలో సామాన్య పౌరులకు రక్తస్రావం ఆపడం నేర్పే జాతీయ ఉద్యమం ఒకటి ప్రారంభమైంది. గుండె గతి తప్పినప్పుడు విద్యుత్తుతో దానిని సరిచేసే యంత్రం విషయంలోనూ ఇదే పరిణామం జరిగింది. ఒకప్పుడు ఆసుపత్రిలో వైద్యుడు మాత్రమే వాడే ఆ యంత్రం నేడు విమానాశ్రయాలలో, రైల్వే స్టేషన్లలో గోడకు వ్రేలాడుతున్నది. మూత తెరిస్తే అది స్వయంగా మాట్లాడి ఏమి చేయాలో చెబుతుంది. ఛాతీ మీద అతికించవలసిన పట్టీల మీద, వాటిని ఎక్కడ అతికించాలో చూపే బొమ్మ అచ్చయి ఉంటుంది. ఎస్మార్క్ గుడ్డ మీది సిపాయి బొమ్మలకు ఇవి వారసులే.

మన దేశానికి వస్తే, 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన 108 సేవ వాహనాన్ని ప్రమాదస్థలికి రప్పించే మార్గం చూపింది. వాహనం వచ్చేలోపలి నిమిషాలు మాత్రం పక్కవాని చేతిలోనే ఉంటాయి. గాయపడినవానిని తాకితే పోలీసుల విచారణలు, కోర్టుల చుట్టూ తిరగడాలు తప్పవనే భయం మనవారి చేతులను చాలాకాలం కట్టివేసింది. 2016లో సుప్రీంకోర్టు ఇటువంటి సహాయకుల రక్షణకు మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి జరిగిన సవరణ వారికి చట్టబద్ధమైన రక్షణ కల్పించింది. సదుద్దేశంతో సాయం చేసినవాడు పొరపాటున జరిగిన హానికి శిక్షార్హుడు కాడు. తన పేరు చెప్పవలసిన నిర్బంధం కూడా లేదు. ఆ చట్టంలో ఇటువంటి సహాయకునికి వాడిన పేరు సమారిటన్ అనే మాటే. ఎస్మార్క్ కీల్‌లో తన పాఠశాలకు పెట్టుకొన్న పేరు కూడా అదే.

విద్యార్థి మిత్రులు ఈ జీవితం నుండి గ్రహించవలసినది ఒకటి ఉంది. ఎస్మార్క్ గొప్ప పండితుడు. కష్టమైన విషయాన్ని కష్టంగానే ఉంచి గౌరవం పొందడం ఆయనకు సులభమైన మార్గం. ఆయన తన పాండిత్యాన్నంతటినీ, ఆ పాండిత్యం లేనివాడు కూడా ప్రాణం కాపాడగల ఒక మీటరు గుడ్డలోకి కుదించాడు. రేపు మీలో కొందరు ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు కావచ్చు. మీరు తయారుచేసే ప్రతి వస్తువూ, మీరు వ్రాసే ప్రతి సూచనా, ఆపత్సమయంలో చేతులు వణుకుతున్న ఒక అపరిచితునికి అర్థమవుతుందా అని పరీక్షించుకోండి. అంతకంటె ముందుగా, ఈ సంవత్సరం కళాశాలలో ప్రథమ చికిత్స తరగతి జరిగితే దానిలో పేరు నమోదు చేసుకోండి. త్రికోణపు గుడ్డను మడవడం నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు.